తాత చూసిన నాలుగో పొగగొట్టం

మా తాతను కమ్యూనిస్టన్న అనుమానం మీద పోలీసులు తీసుకెళ్ళేనాటికి ఆయనకు అరవై దాటాయి. చదువు రాదు. సంతకం అడిగితే బొటనవేలు చూపించేవాడు. కమ్యూనిజం అంటే చైనా మందుల కొట్టులో దొరికే ఏదో కషాయం అనుకునే మనిషి. ఆయన చేసిన నేరమల్లా ఒక్కటే: దాదాపు నలభై ఏళ్ళ కిందట పినాంగు రేవులో మునిగిపోయిన ఒక రష్యా యుద్ధనౌకను మరిచిపోలేకపోవడం.

అప్పట్లో మేం మలయ్ దేశంలో సుంగై సిపుట్ దగ్గర ఒక రబ్బరు తోటలో ఉండేవాళ్ళం. మా నాన్న తోట ఆఫీసులో కిరాణి, అంటే గుమాస్తా. కూలీలు ఉండే ఇళ్ళ లైన్లకూ దొర బంగళాకూ మధ్య, రెండింటికీ చెందకుండా మా చెక్క ఇల్లు ఉండేది. అమ్మ తమిళుల ఆడపడుచు. ఇంట్లో వంట తమిళంలో, తిట్లు తెలుగులో, నా చదువు ఇంగ్లీషులో నడిచేవి. నాకు పదమూడేళ్ళు. టౌన్లో ఉన్న ఇంగ్లీషు బడికి తోట లారీలో వెళ్ళొచ్చేదాన్ని.

తాత శ్రీకాకుళం వైపు నుంచి పడుచుతనంలో ఓడెక్కి వచ్చాడు. తోటకు చేరకముందు కొన్నేళ్ళు పినాంగు రేవులో కూలి. టోంకాంగ్ అనే వెడల్పాటి సరుకు పడవ మీద బొగ్గు తీసుకెళ్ళి, లంగరు వేసిన పెద్ద ఓడలకు గంపలతో ఎక్కించే పని. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది ఆ రేవులోకి ఒక రష్యా క్రూయిజర్ వచ్చింది. క్రూయిజర్ అంటే భారీ యుద్ధనౌకలంత పెద్దది కాదు, కాని వాటికంటే వేగంగా పరుగెత్తేది. మూడు పొగగొట్టాలు. తాత రెండు రోజులు దానికి బొగ్గు మోశాడు. తోట దొరలు చెయ్యి తగిలితే చెయ్యి కడుక్కునే రోజుల్లో, ఆ ఓడలోని నావికులు ఆయన్ను తమ పక్కన కూర్చోబెట్టుకుని నల్లరొట్టె తుంచి ఇచ్చారట. ఆ రొట్టె పుల్లగా, రాయిలా ఉందని తాతే చెప్పేవాడు. అయినా అంతటి రొట్టె మళ్ళీ తినలేదనేవాడు.

మూడో రోజు తెల్లవారుతుండగా మరో యుద్ధనౌక రేవులోకి వచ్చింది. నాలుగు పొగగొట్టాలు. ఇంగ్లీషు వాళ్ళ ఓడే అనుకుని అందరూ ఊరుకున్నారు. అది నిదానంగా దగ్గరికి వచ్చి, జర్మనీ జెండా ఎత్తి, రష్యా ఓడను టార్పీడోలతో కొట్టింది. రెండు దెబ్బలకు ఓడ నడుం విరిగింది. పొగ విడిపోయేసరికి నీళ్ళ మీద ఒక తెరచాపకర్ర లాంటి కొయ్య కొన మాత్రం మిగిలింది. జర్మనీ ఓడ వచ్చిన దారినే వెళ్ళిపోయింది. తాతా, ఆయనతో ఉన్న ముగ్గురూ టోంకాంగ్ తోసుకుంటూ వెళ్ళి నీళ్ళలో ఉన్నవాళ్ళను పైకి లాగారు. తాత లాగినవాడికి పసుపుపచ్చ మీసాలు. వాడు ఒడ్డు చేరగానే తాతను కౌగిలించుకుని, తన కోటు బొత్తాం ఒకటి పీకి చేతిలో పెట్టాడు.

ఇదీ కథ. తోటలో దీన్ని వినని మనిషి లేడు. కల్లు దుకాణం దగ్గర సాయంత్రాలు తాత మొదలుపెడితే, పక్కవాళ్ళు తర్వాతి మాట ముందే అందించేవారు. ఒక్కచోట మాత్రం నవ్వేవారు. నాలుగు పొగగొట్టాల దగ్గర. ఆ జర్మనీ ఓడ పినాంగుకు రాకముందు మద్రాసు మీద కూడా గుండ్లు కురిపించి వచ్చింది కాబట్టి, దాని బొమ్మ చూసినవాళ్ళు ఊరికి నలుగురు ఉండేవారు. బొమ్మలో మూడే గొట్టాలు. తోట బడి పంతులు పాత పత్రిక ఒకటి తెచ్చి చూపించాడు కూడా.

"నాలుగే లా! నా కళ్ళతోటి సూసినాను. బొమ్మేసినోడు సూసినాడేటి?" అనేవాడు తాత, ఇక్కడివాళ్ళలాగా మాట చివర 'లా' తగిలించి.

మా నాన్నకు ఇది తలవంపులుగా ఉండేది. "మూడని ఒప్పేసుకుంటే నీ సొమ్మేటి పోద్ది అయ్యా?" అని అడిగేవాడు. తాత మూడని ఒప్పుకోలేదు. నాన్న ఆ గొట్టాన్ని క్షమించలేదు.

ఇంతలో, అడవుల్లో చేరిన కమ్యూనిస్టుల మీద ఇంగ్లీషు ప్రభుత్వం ప్రకటించిన అత్యవసర పరిస్థితి వచ్చింది. అది మొదలైందే మా చుట్టుపక్కల తోటల్లో కాబట్టి, మా మీద ప్రభుత్వానికి ప్రత్యేకమైన శ్రద్ధ. లైన్ల చుట్టూ ముళ్ళకంచె వేశారు. పొద్దున్న గేటు దగ్గర, చెట్లకు గాట్లు పెట్టడానికి వెళ్ళే ఆడవాళ్ళ బకెట్లు తెరిచి చూసి, అడవిలో వాళ్ళకు బియ్యం తీసుకెళ్ళడం లేదని రూఢి చేసుకుని వదిలేవారు. ప్రతి ఒక్కరికీ బొమ్మ అంటించిన గుర్తింపు కార్డు ఇచ్చారు. తన బొమ్మ చూసుకుని తాత మురిసిపోయాడు. ప్రభుత్వం ఆయన మొహాన్ని పట్టించుకోవడం అదే మొదటిసారి.

కాలం మారిందని అందరికీ అర్థమైంది, తాతకు తప్ప. కల్లు దుకాణంలో ఆయన పాత పద్ధతిలోనే, "రష్యావోల్లంటే మనుసులు. పక్కన కూకోబెట్టి రొట్టి పెట్టినారు. ఈ దొరలు పెట్టినారేటి?" అంటూ వచ్చాడు. నలభై ఏళ్ళుగా అంటున్న మాటే. విన్నవాళ్ళలో ఎవరో దాన్ని మొదటిసారి శ్రద్ధగా విన్నారు.

ఒక ఉదయం ఇళ్ళు సోదా చేశారు. మాతా-మాతాలు, మలయ్‌లో పోలీసులను అలాగే అంటారు, తాత రేకు పెట్టెలో గుడ్డ మూట విప్పి ఇత్తడి బొత్తాం బయటికి తీశారు. దాని మీద రెండు తలల గద్ద. వాళ్ళ పెద్ద చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"రెండు తలలు. ఒకటి రష్యా వైపు, ఒకటి చైనా వైపు," అని తేల్చాడు.

అది రష్యా చక్రవర్తి ముద్ర అనీ, ఆ చక్రవర్తిని కుటుంబంతో సహా చంపినవాళ్ళే కమ్యూనిస్టులనీ అక్కడున్న ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. తాతను లారీ ఎక్కించారు. అమ్మ వెనకాలే పరుగెత్తి, "మామా, సాప్పాడు!" అంటూ అన్నం గిన్నె అందించింది. బయటికి అన్నం తీసుకెళ్ళకూడదని ఒకడు దాన్ని లాక్కున్నాడు.

మర్నాడు నాన్నను టౌన్లోని స్టేషనుకు రమ్మన్నారు, దుబాసీగా. అక్కడ జీతం తీసుకునే దుబాసీ ఒకాయన ఉన్నాడు, కాని ఆయనకు తమిళమే వచ్చు. తాతకు తమిళం మంచినీళ్ళ ప్రాయం. అయినా ఆ రోజు తమిళంలో చెప్పనన్నాడు. "ఇది తెలుగోడికి జరిగినాది. తెలుగులోనే సెప్తాను," అని భీష్మించుకు కూర్చున్నాడు. ఆ రోజు నాన్న బడి దగ్గర నన్ను తోట లారీలో ఎక్కించుకుని అటే వచ్చాడు. నన్ను ఎక్కడ ఉంచాలో తెలియక అదే గదిలో గోడ పక్క బల్ల మీద కూర్చోబెట్టాడు.

విచారించే అధికారి ఎర్రటి మొహం ఇంగ్లీషువాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. బొత్తాం ఆయన ముందు తెల్ల కాగితం మీద ఉంది.

"ఇది నీకు ఎవరిచ్చారు?" అన్నాడు.

తాత మొదటి నుంచీ మొదలుపెట్టాడు. శ్రీకాకుళం నుంచి. నాన్న అనువాదం చూసి నేను నివ్వెరపోయాను. తాత, "రష్యావోల్లు పక్కన కూకోబెట్టుకున్నారు," అన్నాడు. నాన్న ఇంగ్లీషులో, "ఓడలో పని ఎక్కువగా ఉండేదని చెబుతున్నాడు సార్," అన్నాడు. తాత, "దొరలకంటే ఆల్లే నయం," అన్నాడు. నాన్న, "బ్రిటిష్ నౌకాదళం అంటే తనకెంతో గౌరవం అంటున్నాడు," అన్నాడు. తాత నిమిషంసేపు చేతులూపుతూ చెప్పినది నాన్న నోట్లోంచి నాలుగు మాటలై వచ్చేది. అధికారి ఒకసారి ఆయన్నీ, ఒకసారి ఈయన్నీ చూస్తున్నాడు.

జర్మనీ ఓడ దగ్గరికి వచ్చేసరికి అధికారి కుర్చీలో ముందుకు జరిగాడు. "ఆ ఓడకు పొగగొట్టాలు ఎన్ని ఉన్నాయో అడగండి," అన్నాడు.

"నాలుగు," అన్నాడు తాత.

"మూడు, సార్," అన్నాడు నాన్న.

ఆ క్షణంలో నాన్న మీద నాకు కోపం రాలేదు. తండ్రి అబద్ధాలకోరు అనిపించుకోకుండా కాపాడుతున్నాడని తెలుసు. కాని తాత నా వైపు చూశాడు. ఇంగ్లీషు రాకపోయినా మూడు అన్న మాట ఆయనకు వచ్చు, రేవులో నేర్చుకున్నదే.

"నాలుగు అన్నాడు సార్," అన్నాను నేను ఇంగ్లీషులో. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఎప్పుడూ నాలుగనే అంటాడు."

నాన్న మొహం పాలిపోయింది. అధికారి లేచి నిలబడ్డాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి తాత ముందు ఆగాడు. "నాలుగోది ఎలా ఉంది? మిగతా వాటిలాగే ఉందా?"

ఈసారి నన్నే చెప్పమన్నాడు. తాత చెయ్యి నిలువుగా ఎత్తి ఊపి చూపించాడు. "దాంట్లోంచి పొగ రానేదు. గాలికి వూగినట్టుగుండినాది. నాను అప్పుడే అన్నాను, ఎవులూ ఇన్నారు కాదు."

అధికారి నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసి వచ్చినవాడు, చిన్నప్పటి నుంచీ క్రూయిజర్ల బొమ్మలు పోగుచేసిన మనిషి. ఆ జర్మనీ ఓడ, ఇంగ్లీషు ఓడలా కనబడాలని గుడ్డతో, కర్రలతో ఒక దొంగ పొగగొట్టం కట్టుకుని వచ్చిందట. దాన్ని దగ్గర్నుంచి చూసిన మనిషిని కలుసుకుంటానని కలలో కూడా అనుకోలేదన్నాడు. కమ్యూనిస్టును పట్టుకున్నప్పుడు కూడా అంత సంతోషం కలిగి ఉండదు.

నేను చెప్పగానే తాత, కొడుకు వైపు తిరిగాడు. నాన్న తల దించుకున్నాడు.

అంతటితో ఆగిపోయి ఉంటే బాగుండేది. కాని అధికారి ఉత్సాహంలో ఉన్నాడు. టీ తెప్పించి, ఆ రష్యా ఓడ చరిత్ర అంతా చెప్పుకొచ్చాడు. దాని పేరుకు రష్యా భాషలో ముత్యం అని అర్థమట. కొత్తగా నీళ్ళలోకి దిగిన మరుసటి ఏడే జపానుతో పెద్ద యుద్ధం. రష్యా వాళ్ళు సగం భూగోళం చుట్టి వచ్చి, ఒక్క రోజున్నరలో దాదాపు మొత్తం నౌకాదళాన్ని పోగొట్టుకున్నారు. తప్పించుకున్న కొద్దిపాటి ఓడల్లో ఇదొకటి. మనీలాకు పారిపోయి అక్కడ బందీగా పడి ఉంది. తిరిగి ఇంటికి చేరాక దాని నావికులు ఒకసారి అధికారుల మీద తిరగబడ్డారు కూడా.

"అంటే నీ స్నేహితులు కొంచెం ఎర్రవాళ్ళే," అని ఆయన తాత భుజం తట్టాడు. నేను ఆ ముక్క అనువదించలేదు. నాన్న నాకు కళ్ళతోనే మెచ్చుకోలు తెలిపాడు.

ఇక పినాంగు సంగతి. బాయిలర్లు శుభ్రం చేయడానికి విప్పి పెట్టారు. ఫిరంగి గుండ్లలో పదో పన్నెండో తప్ప మిగతావన్నీ గదిలో పెట్టి తాళం వేశారు. టార్పీడోలకు పేలే మందు పెట్టలేదు. కాపలా సరిగ్గా లేదు. యుద్ధం జరుగుతోంది, శత్రువు ఇదే సముద్రంలో తిరుగుతున్నాడు, కాని కెప్టెన్ ఓడలోనే లేడు. ఒడ్డున పెద్ద హోటల్లో ఒక స్త్రీతో ఉన్నాడు. తన ఓడ మునగడం ఆ హోటల్లోంచే చూశాడట.

నేను ఒక్కొక్క ముక్కే చెబుతుంటే తాత టీ తాగడం మానేశాడు.

"కేప్టెను ఓడలో నేడా?"

"లేడట తాతా."

"ఇంతకీ ఆడేటైనాడు?"

అధికారిని అడిగాను. విచారణ జరిపి, హోదా పీకేసి, జైలుశిక్ష వేశారట. ఆ జర్మనీ ఓడ మాత్రం రెండు వారాలు తిరక్కుండానే వేరే ఓడ చేతిలో దెబ్బతిని ఒక దీవి మీదికి ఎక్కి ముక్కలైందట.

తాత దేనికీ సంతోషించలేదు. "రెండు రోజులు బొగ్గు మోసినాను," అన్నాడు, ఎవరితోనో కాదు. "తాళాలేసుకుని తొంగున్నారా ఈల్లు?"

సాయంత్రానికి ఆయన్ను వదిలేశారు. బొత్తాన్ని మాత్రం సాక్ష్యం కింద ఫైల్లో ఉంచాలన్నారు. దేనికి సాక్ష్యమో చెప్పలేదు. అది మళ్ళీ మా కంట పడలేదు.

మేం కష్టం నుంచి గట్టెక్కామనుకున్నాం. ఆ అధికారికి తాత నచ్చాడు. అదే చిక్కు వచ్చిపడింది. వారానికోసారి పోలీసు బండి మా ఇంటి ముందు ఆగేది. తాతను ఎక్కించుకెళ్ళి, ఆనాడు రేవులో ఏ ఓడ ఎక్కడ ఉందో, ఎటువైపు తిరిగి ఉందో అడిగి, కాగితం మీద బొమ్మలు గీసుకుని, బిస్కెట్ల డబ్బా ఇచ్చి మళ్ళీ దింపేవాడు. దుబాసీ అవసరం కూడా లేకపోయింది. ఆ అధికారికి కాస్త మలయ్ వచ్చు, తాతకు రేవు మలయ్ వచ్చు.

లైన్లలో వాళ్ళు కంచె వెనక నుంచి చూసేవారు. ముసలాయన్ను కమ్యూనిస్టని తీసుకెళ్ళారు, ఒక్కరోజులో వదిలారు, ఇప్పుడు బండి పంపుతున్నారు, బిస్కెట్లు ఇస్తున్నారు. దీనికి ఏ తెలివైనవాడైనా చెప్పగలిగే అర్థం ఒకటే. తాత కల్లు దుకాణంలోకి అడుగుపెడితే బల్లలు ఖాళీ అయ్యేవి. నలభై ఏళ్ళు ఆయన కథకు తర్వాతి మాట అందించినవాళ్ళు ఇప్పుడు ఆయన ముందు సొంత మాట కూడా ఎత్తేవారు కాదు.

ఒక పొద్దున మా తలుపుకు ఒక కాగితం గుచ్చి ఉంది. తమిళంలో మూడే ముక్కలు: తెల్లవాళ్ళ కుక్కకు హెచ్చరిక. అమ్మ చదివి, చింపి పొయ్యిలో పడేసి, నాన్న వైపు తిరిగింది. అప్పట్లో మా వైపు ఇలాంటి కాగితాల తర్వాత ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. రబ్బరు చెట్ల మధ్య ఇద్దరు మనుషులు శవాలై దొరికారు అంతకు కొన్ని నెలల ముందే.

"మామా, ఇక ఆ బండెక్కొద్దు," అంది అమ్మ. ఆమె తెలుగులో మాట్లాడిందంటే పరిస్థితి ఎక్కడికి వచ్చిందో అర్థం చేసుకోవాలి.

తాత బండి దగ్గరికి నన్ను పంపి, ఒంట్లో బాగులేదని చెప్పించాడు. మరుసటి వారం ఆ అధికారి స్వయంగా మందులు పట్టుకుని వచ్చాడు. గంటసేపు మా వరండాలో, తోటంతా చూసేలా కూర్చున్నాడు.

అంతే, నాన్న వేరేచోట పనికి అర్జీ పెట్టుకున్నాడు. రెండు నెలల్లో మేం క్లాంగ్ చేరాం. రేవు పక్కన, ఇప్పుడు పోర్ట్ క్లాంగ్ అంటున్న చోట, అప్పుడు దానికి ఎవరో తెల్లదొర పేరుండేది, ఒక ఎగుమతి కంపెనీలో నాన్నకు పని దొరికింది. ఇరవై ఏళ్ళు కాపురమున్న ఇంటిని ఒక గుడ్డ పొగగొట్టం వల్ల ఖాళీ చేశామని అమ్మ చాలాకాలం అంటుండేది. క్లాంగులో తాత ఎవరికీ ఏ కథా చెప్పలేదు. చేసేది లేక గుమ్మంలో కూర్చుని దారిన పోయే లారీలు చూసేవాడు.

మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. రేడియోలో ఆ కేక వింటూ నాన్న లేచి నిలబడ్డాడు. తాత, "దొరలెలిపోతన్నారా? మరి బొత్తామెవుడిస్తాడు?" అన్నాడు.

ఆ ఏడాదే నేను టీచర్ శిక్షణలో చేరాను. మొదటి సెలవుల్లో తాత నన్ను పిలిచి, పినాంగు తీసుకెళ్ళమన్నాడు. చచ్చిపోయిన ఆ రష్యా నావికుల్ని అక్కడ కిరస్తానీ శ్మశానంలో పాతిపెట్టారని ఆ అధికారి చెప్పాడట. నాన్నకు చెప్పకుండా బయల్దేరాం. రైలు, తర్వాత ఫెర్రీ.

శ్మశానంలో చెట్ల నీడన చల్లగా ఉంది. ఎక్కడో మాకు తెలియక, గడ్డి కోస్తున్న ఒక తమిళాయన్ను అడిగాం. ఆయన ఒక మూలకు తీసుకెళ్ళి చూపించాడు. ఒక రాయి, చుట్టూ మోకాలెత్తు గడ్డి. "ఎవరూ రారు," అన్నాడు. "మీ సొంతవాళ్ళా?"

తాత కొడవలి అడిగి తీసుకుని, వంగి, రాయి చుట్టూ గడ్డి తానే కోశాడు. ఆయన వయసుకు అది చిన్న పని కాదు. నేను చేస్తానంటే చెయ్యి అడ్డం పెట్టాడు. పని అయ్యాక రాయి పక్కనే చతికిలబడ్డాడు.

"గుంటా, ఆ మీసాలోడు బతకనేదు."

నేను ఆయన పక్కన కూర్చున్నాను.

"నాను లాగినప్పుడు ఊపిరుండినాది. ఒడ్డుకి తెచ్చేలోగానే పోనాడు. నా ఒళ్ళోనే. ఏటో అన్నాడు, నాకు తెలిస్తే కదేటి? బొత్తాం ఆడిచ్చినాది కాదు. కోటు పట్టుకు లాగుతుంటే నా సేతిలోకొచ్చీసినాది."

"మరి అందరికీ బతికాడని చెప్పావు కదా తాతా."

"సచ్చిపోనాడంటే కల్లు కాడ ఎవుడింటాడే?" కొడవలికి అంటిన గడ్డి తుడిచాడు. "మొదట ఒకడికి అలా సెప్పీసినాను. ఆడు సంతోసపడినాడు. ఆ మీద ఇంకొకడు. అలా అలా ఆడు బతికిపోనాడు."

నాలుగు గొట్టాల కోసం ప్రపంచమంతటితో దెబ్బలాడిన మనిషి ఇన్నేళ్ళూ ఈ అబద్ధాన్ని మోశాడు. ఆయన నిజం చెప్పినచోట ఎవరూ నమ్మలేదు. అబద్ధం చెప్పినచోట ఎవరూ అడగలేదు. ఆయన మోకాళ్ళకు అంటుకున్న గడ్డి దులిపాను.

"మీ నాన్నతోటి అనకు," అన్నాడు. "ఆడికి మళ్ళా తలవంపులు."

నేను అనలేదు. నాన్న పోయేదాకా అనలేదు.

పినాంగు నుంచి వచ్చాక తాత మళ్ళీ నోరు విప్పాడు. రేవు దగ్గర టీ దుకాణంలో, డ్యూటీ దిగిన లారీవాళ్ళకూ గోడౌన్ కూలీలకూ ఆ ఓడ కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఇది వేరే కథ. ఇందులో రొట్టె ఒక ముక్కలో అయిపోయేది. కెప్టెనూ, హోటలూ, తాళం వేసిన గుండ్ల గదీ అరగంట నడిచేవి. కెప్టెన్ పైజమా బొందు కట్టుకుంటూ హోటల్ బాల్కనీలోకి పరుగెత్తుకు రావడం ఆయన లేచి నిలబడి నటించి చూపేవాడు. జనం పొట్టలు పట్టుకునేవారు. పాత కథకంటే దీనికే ఎక్కువమంది చేరారు. నాలుగో పొగగొట్టం గుడ్డతో చేసిందని చెప్పగానే అందరూ వెంటనే నమ్మేసేవారు. నమ్మేస్తుంటే తాతకు అందులో పెద్ద రుచి లేకపోయింది, త్వరగా దాటేసేవాడు.

నేను సెలవులకు వచ్చినప్పుడల్లా ఒకసారి వెళ్ళి వెనకాల నిలబడి వినేదాన్ని. ఓడ నడుం విరిగేది, పొగ లేచేది, టోంకాంగ్ బయల్దేరేది. నీళ్ళలో ఉన్నవాళ్ళను పైకి లాగినట్టు చెప్పి, "చాలామందిని లాగినాం," అని అక్కడితో ముగించి, టీ గ్లాసు ఎత్తేవాడు. పసుపు మీసాల మనిషి ఊసే వచ్చేది కాదు. ఎవరైనా, "వాళ్ళలో బతికిందెందరు తాతా?" అని అడిగితే, వినబడనట్టు టీలో పంచదార తక్కువైందని దుకాణంవాణ్ణి కేకేసేవాడు.